నాన్న తాగని మందు

పొద్దున్నే టైలర్‌గారి ఇంట్లో బాత్రూం తలుపు ధడేల్మని పడింది. లోపల బకెట్ నీళ్లు కుమ్మరించిన చప్పుడు, దాని మీద ఓ పెద్ద మూలుగు. కాసేపటికి ఆయన పొట్ట పట్టుకుని కుంటుకుంటూ బయటికొచ్చాడు. పొట్ట నొప్పికి కుంటడం దేనికో ఆయనకే తెలియాలి.

మధ్యాహ్నం ఆస్పత్రిలో కెమెరా గొట్టంతో పేగు చూస్తారు. అంతకు ముందే జగ్గుడు మందు నీళ్లు తాగి కడుపు ఖాళీ చేసుకోవాలి. పోయినేడు ఆయన అన్న పేగు కేన్సర్‌తో పోయాడు. ఇది వంశంలో వచ్చే రకం, మిగతావాళ్లూ చూపించుకోండని డాక్టర్లు అప్పుడే చెప్పారు. ఈయన ఓసారి నడుం పట్టిందన్నాడు, ఓసారి పని ఒత్తిడన్నాడు. చివరికి కూతురే సెలవు పెట్టి వచ్చి కూర్చుంది.

ఆయనకి కాలు నిలవడంలేదు. మిషను దగ్గర కూర్చుంటాడు, లేస్తాడు, దారం ఎక్కిస్తాడు, లాగేస్తాడు. ఇంతలో సింకులో ఈ నిమ్మకాయ వాసనేంటని వంటింట్లోంచి భార్య అడిగింది. ఆ వాసన మందుది. కూతురు వెళ్లి సింకు చూసింది, వచ్చి తండ్రిని చూసింది.

"పారబోశావు కదా నాన్నా."

"సింకుకి మలబద్ధకంగా ఉంటేనూ..."

ఎవరూ నవ్వలేదు. మీ అన్నయ్యా ఇలాగే నవ్వులాటలతో రోజులు గడిపాడని భార్య కళ్లొత్తుకుంది. ఆయన కత్తెర తీసి ఊరికే గాలిని కత్తిరించాడు.

"నాలో ఉందని తేలితే, నీకూ ఇచ్చానేమోనని రోజూ చావాలే."

కూతురు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, ఆయనకి తెలిసిన మాటల్లోనే చెప్పింది. పేగు లోపలి పొరలో ఎప్పుడూ కొత్త కణాలు పుడుతుంటాయి, పాతవి రాలిపోతుంటాయి. ఇక చాలు, ఆగమని వాటికి చెప్పే జీన్ ఒకటుంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు వరసల కుట్టులాగా. మనింట్లో ఒక వరస పుట్టుకతోనే తెగి వస్తోంది. రెండోది ఉన్నన్నాళ్లూ అతుకు నిలుస్తుంది. అదీ తెగినచోట కణాలు ఆగకుండా పెరిగి బుడిపెలవుతాయి. అప్పుడే తీసేస్తే సరి. వదిలేస్తే ఏదో ఒకటి కేన్సరవుతుంది.

ఇదంతా నీకెవరు చెప్పారని అడిగాడాయన.

"నేను పరీక్ష చేయించుకున్నా నాన్నా. నాకుంది. పోయిన నెల రెండు బుడిపెలు తీశారు. కేన్సర్ కాదు."

భార్య గడపలోనే కూలబడింది. ఆయన చేతిలో కత్తెర ఆగిపోయింది.

"నేనే ఇచ్చాను," అన్నాడు.

"ఈ ముక్కూ నువ్వే ఇచ్చావు. ఎప్పుడైనా గొడవపడ్డానా? ఇచ్చినందుకు కాదు నాన్నా, నా బాధ. ఆస్పత్రిలో ఆ పరీక్ష బల్ల మీద నన్నొక్కదాన్నే పడుకోబెడుతున్నావు చూడు, అందుకు."

ఆయన కత్తెర మిషను మీద పెట్టేశాడు. కళ్లు తుడుచుకుని, మందు ఇంకేమైనా ఉందా అని భార్యనడిగాడు. ఈయన సంగతి తెలిసిన మనిషి కదా, ఇంకో ప్యాకెట్ ముందే తెచ్చి దాచింది. కూతురు ఆస్పత్రికి ఫోన్ చేసి సాయంత్రానికి మార్పించింది. ఆయన మొహం వంకర్లు తిప్పుతూ జగ్గు మొత్తం తాగాడు, ఒక్క జోకు వెయ్యకుండా.

కాసేపటికి చెప్పులు కూడా వేసుకోకుండా బాత్రూంలోకి పరిగెత్తాడు. ఇద్దరూ తలుపు దగ్గర చెవులు పెట్టారు.

"ఈసారి బకెట్ ముట్టుకోలేదే," అన్నాడు లోపల్నుంచి.

కూతురు ఆయనిచ్చిన ముక్కునే తుడుచుకుంటూ నవ్వింది.