రెండో గీత

"కోత మొదలవుతుంది. వైద్యురాలు పక్కకు తప్పుకోవాలి," అంది వైద్యయంత్రం రుధిరిణి.

మంచం మీద పైడిరాజు మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని మూలుగుతున్నాడు. పైకప్పు నుంచి కత్తుల చెయ్యి దిగుతోంది. డాక్టర్ భ్రమరాంబ దానికి అడ్డంగా నిలబడింది.

"కారణం చెప్పు."

"రక్తంలో క్లోమ సూచిక మామూలుగా ఉంది. కనుక ఇది పేగు మెలిక."

చంద్రుడి మీది ఈ చంద్రనివాసంలో రక్తం మాటే చివరి మాట. మణికట్టు సూది చదువుతుంది, రుధిరిణి తీర్పు చెబుతుంది. కానీ పైడిరాజుకి నొప్పి వీపులోకి పొడుచుకుపోతోంది. అది క్లోమం వాపైతే ఈ కోతకు అతను బతకడు.

"నిన్న విందులో నెయ్యి ఎంత పోయించుకున్నావయ్యా?"

"అడక్కండి డాక్టరమ్మా! భూమి నుంచి ఎన్నాళ్లకొచ్చిన నెయ్యి! ముద్దపప్పులో పోస్తే మా విజయనగరం ఇల్లే కళ్లముందుకొచ్చింది. గిన్నె నాకేశాను."

ఆమె సూది గొట్టంలోకి చూసింది. రక్తం మీద తేరింది పాలలా తెల్లగా ఉంది. అంత కొవ్వు ఉంటే సూచిక పెరిగినా రక్తంలో కనపడదు.

విశాఖలో చదువుకున్న ల్యాబు గుర్తొచ్చింది. స్పిరిట్ వాసన, అల్లం టీ. క్లోమం వాపు పట్టుకోవడానికి మూత్రంలో ముంచిన పట్టీని కిటికీ వెలుగుకి ఎత్తి, "తొందరపడకండర్రా, వాపుంటే రెండో గీత దానంతటదే వస్తుంది," అనే సుభద్ర మేడమ్. ఆ రోజుల్లో ఎదురుచూడటం కూడా వైద్యమే.

అందరూ నవ్వినా, భూమి నుంచి వచ్చే ప్రతి ఓడలో ఆ పట్టీలు తెప్పించుకునేది భ్రమరాంబ. ఒకటి తీసి, మంచం కింద మూత్రం పోయే గొట్టం మీద చెయ్యి వేసింది.

"మూత్రం నివాసపు ఆస్తి. విప్పితే దాన్ని నీళ్లుగా మార్చే జలచక్రం ఆగిపోతుంది," అంది రుధిరిణి.

"ఆగనీ."

విప్పి, కారిన మూత్రంలో పట్టీని ముంచింది. నీరు లేనిదే కోత లేదు. కత్తుల చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. స్పీకర్‌లో జలాధికారి సన్యాసప్పారావు అరిచాడు.

"నివాసమంతా కుళాయిలు ఎండిపోయాయి! నెత్తిన సబ్బుతో నిలబడ్డాను! ఎవరిదీ పని?"

"కాస్త ఆగండి బాబాయ్."

పట్టీ మీద మొదటి గీత వచ్చింది. దాని పక్కన అంతా తెలుపు. ఆమె పట్టీని దీపం వెలుగుకి ఎత్తి పట్టుకుంది. తెలుపులో సన్నగా, గులాబీ రంగులో, ఇంకో గీత.

"వచ్చిందా అమ్మా?" అన్నాడు పైడిరాజు.

"వచ్చిందయ్యా. కోత లేదు."

నివాసమంతా వినేలా మైకు నొక్కింది.

"గొట్టం విప్పింది నేనే, బాబాయ్. పైడిరాజుకి సెలైన్ కావాలి, చక్రం తిరగ్గానే ముందు నీళ్లు ఇటు పంపండి."

"సరేనమ్మా, మరి రుధిరిణి పేగు అంటోందే! అసలు దోషి ఎవరు?"

"క్లోమం."