గేటు కాడ పోయినాయన

పొద్దున ఏడింటికి దేవదాస్ తయారై, కవిత ఒకసారి చదువుకుందామని కాగితం తీశాడు. పదకొండింటికి కరీంనగర్‌లో సభ. వాగు పొంగి కింది వాడ కొట్టుకుపోయినప్పుడు నాలుగు రోజులు బురదలో దిగి పనిచేసినవాళ్లకు సన్మానం. పవర్‌లూమ్ సాంచాలు నడుపుకొని బతికే దేవదాస్ ఆ నాలుగు రోజుల మీద కవిత రాశాడు. ఏడో తరగతిలో బడి మానేసినోడు కవిత రాసిండని వాడకట్టంతా నవ్వింది. నవ్వనీ అనుకున్నాడు.

కాగితం చివర ఆగిపోయాడు. కూతురు భవ్యశ్రీ సాపుగా రాసిచ్చిన దాంట్లో ఆఖరి లైన్లు లేవు.

"బిడ్డా, గేటు ముచ్చట ఏది?"

భవ్యశ్రీ టిఫిన్ డబ్బా మూత పెడుతూనే చెప్పింది. "తీసేసిన బాపూ. సభకు పెద్దమనిషి మా బడి నడిపే కరుణాకర్‌రావు సారే. వరద నాడు మంది ఎక్కుదామంటె ఆయన బడి గేటుకు తాళం ఉండెనని ఆయన ముంగటనే సదువుతవా? రేపు నన్ను పాఠం చెప్పనిస్తరా?"

"అబద్ధం రాసిన్నా?"

"నిజమే. నిజమైతే నౌకరి పోదా?"

వంటింట్లోంచి భార్య నర్మద అందుకుంది. "నీకేంది, శాలువ కప్పుకొని వస్తవ్. పరేషాన్ అయ్యేది పిల్ల. బురద ఎత్తింది సాలదా, లొల్లి గూడ ఎత్తాల్నా?"

"ఎవనికి గావాలె శాలువ? గేటు పట్టుకొని సచ్చినాయన వేళ్లు ఊడదీసింది నేను. ఆ సారెవరు నన్ను మెచ్చుకునేటందుకు?"

"మెల్లగ! పక్కింటోళ్లు ఇంటరు."

"ఇననీ!"

అప్పుడే శంకరవ్వ కర్ర పట్టుకొని వచ్చి గడప మీద కూర్చుంది. వరదలో పెనిమిటిని పోగొట్టుకున్న ముసలామె.

"దేవదాసూ, కాళ్లు వాసినయ్, సభకు రాలేను. ఈడనే సదివియ్యి. కవితల ఆయన పేరు పెట్టినవట గదా? సచ్చినోళ్ల పేర్లు రాసుకునే సారు అడిగిండు గని, పెండ్లయిన కాడికెల్లి ఆయన పేరు నేను నోట తియ్యలే. గప్పుడెట్ల తీస్త? ఎవలో ముసలాయన అని రాసుకపోయిండు."

దేవదాస్ కాగితం కూతురి చేతిలో పెట్టాడు.

భవ్యశ్రీ చదివింది. బురద, తడిసిన బొంతలు, నీళ్లల్లో తేలిన బియ్యం సంచులు. శంకరవ్వ తలూపుతూ విన్నది. కాగితం అయిపోయింది.

"పేరు రాలేదేందమ్మా?"

భవ్యశ్రీ తల దించుకుంది. లేచి, తండ్రి వంకర అక్షరాల నోట్‌బుక్కు తెచ్చింది.

"రెండంతస్తుల బడి ఉండె
గేటుకు తాళం ఉండె
తాళం పట్టుకొని ఒకాయన ఉండె
నీళ్లు పోయినంక గూడ ఉండె
ఆయన పేరు బుచ్చిరాములు
వేళ్లు ఊడదీసిన
తాళం ఊడలే."

శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మల్లొక్కపారి అను బిడ్డా, ఆ పేరు."

భవ్యశ్రీ మళ్లీ అన్నది. కళ్లు తుడుచుకొని, పెన్ను తీసి, ఆ లైన్లు కాగితంలో మళ్లీ రాయసాగింది.

ఇప్పుడు దేవదాసే జంకాడు. "బిడ్డా, పేరొక్కటే సదువుత తియ్యి. నీ నౌకరి..."

"పేరొక్కటైతే ఎట్ల పోయిండో ఎవలకెరుక? అన్నీ సదువు. ఇయ్యాల బడికి పోను, నీతోని వస్త. నీ గొంతు వణికితే నేను సదువుత."

నర్మద చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేను గూడ వస్త. ఆ సారు మొకం ఎట్లయితదో సూడాలె."

"నా గొంతెందుకు వణుకుతది?" అన్నాడు దేవదాస్. అప్పటికే వణుకుతోంది.