మెట్ల కింద నుంచి "నేనే!"

ఆ బైండింగ్ షాపుకి చెక్కమెట్లు ఇప్పుడు లేవు, సిమెంటు మెట్లొచ్చాయి. అయినా ఆ పదమూడు మెట్ల కిర్రు చప్పుడు బైండరు చెవుల్లో ఇంకా అలాగే ఉంది.

లైబ్రేరియన్ మొదటిసారి చిరిగిన పుస్తకాల సంచీతో అవి ఎక్కి వచ్చేసరికి రేడియో టక్కున ఆగింది. బైండరు జిగురు గిన్నెని బల్ల అంచు నుంచి లోపలికి జరిపేశాడు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏంటండీ, నేనంటే అంత భయమా?"

"భయం కాదండీ. మీరు కోపంగా వస్తున్నారని నాలుగో మెట్టు దగ్గరే తెలిసిపోయింది."

కోపం నిజమే. ఆమె బస్సులో కండక్టరుతో గొడవపడి వచ్చింది.

"అబ్బో! ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారేంటి?"

ఆ విద్యని మెచ్చుకున్నవాళ్ళే గానీ, ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"చిన్నప్పుడు నాన్న మెట్లెక్కుతుంటే ఏ మూడ్‌లో ఉన్నాడో ముందే తెలియాలి కదండీ. లేకపోతే..." అని నవ్వబోయాడు. "అందరిళ్ళల్లో అంతేగా?"

"కాదండీ," అందామె మెల్లగా. "అలా ఉండదు."

పాతికేళ్ళు వచ్చాక ఆ సంగతి అతనికి మొదటిసారి తెలిసింది. ఆ రోజంతా అట్టలు తలకిందులుగా అతికించాడు.

తర్వాత వచ్చినప్పుడు ఆమె కింది మెట్టు మీదే ఆగి గొంతెత్తింది. "నేనే! కోపం లేదు, ఆకలుంది!"

అట్టలు చూశాక, "ఇదిగో, ఇప్పుడొచ్చింది కోపం!" అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

అది మొదలు ప్రతిసారీ ముందు "నేనే!" వచ్చేది, వెనకాల ఆమె వచ్చేది. లైబ్రరీలో మంచి పుస్తకాలు కూడా ఎందుకు చిరుగుతున్నాయో ఎవరికీ అంతుబట్టలేదు. 'అండీ'లు ఎప్పుడు రాలిపోయాయో వీళ్ళిద్దరికీ గుర్తులేదు.

ఓ వాన మధ్యాహ్నం అతను రేడియోతో గొంతు కలిపి పాడుతూ పుస్తకం కుడుతున్నాడు. తలెత్తితే గుమ్మంలో ఆమె తడిసి ముద్దయి నిలబడి ఉంది. జలుబుకి గొంతు పోయి, ఆవేళ కింద నుంచి "నేనే!" అనలేకపోయింది.

"ఎప్పుడొచ్చావ్?"

"రెండు చరణాలైంది," అంది గుసగుసగా.

పదమూడు మెట్లలో ఒక్కటి కూడా అతను వినలేదు. సూది పక్కన పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆమె కంగారుగా దగ్గరికొచ్చింది.

"నువ్వొచ్చిన చప్పుడు వినపడలేదు. నాకిలా ఎప్పుడూ కాలేదు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "భయం లేకపోతే ఇంత హాయిగా ఉంటుందా? ఇంతకీ నన్ను పెళ్ళి చేసుకునేదెవరో?"

ఆమె బల్ల మీది పెన్సిలందుకుని ఓ అట్టముక్క మీద రాసింది. "నేనే!"

ఆ అట్టముక్క ఇప్పటికీ షాపులో రేడియో పక్కనే ఉంది.