ఉడికించినా చావని చుక్కలు

ఆ ల్యాబులో చివరి గదికి మంచి పేరు లేదు. మైక్రోస్కోపు ఉండే చీకటి గది అది. రాత్రిళ్లు అక్కడ ఎవరో మూలుగుతారట. పగలు ఆ మాటకి నవ్వేవాళ్లు కూడా చీకటి పడితే అటు తొంగి చూసేవాళ్లు కాదు.

ఒక పరిశోధక విద్యార్థినికి మాత్రం ఆ రాత్రి అక్కడ కూర్చోక తప్పలేదు. కిడ్నీ కణాల్లో ఒక ఎంజైము ఎక్కడ దాక్కుందో రంగు వేసి పట్టుకోవడం ఆమె పని. అది ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. నమ్మకం కుదరాలంటే అదే కిడ్నీ నుంచి కోసిన ఇంకో పల్చటి ముక్కని మరిగే నీళ్లలో ముంచి, ఎంజైముని చంపి, అదే రంగు వెయ్యాలి. చచ్చినదానికి రంగు పట్టకూడదు. పట్టిందా... మూడు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. పైగా పొద్దున్నే గైడ్ చూస్తానన్నారు.

పట్టింది.

లెన్సు కింద గోధుమ చుక్కలు... పది... ఇరవై... ఇంకో ముక్క తీసి రెట్టింపు సేపు ఉడికించింది. మళ్లీ అవే చుక్కలు. చచ్చింది కాస్తా లేచి కూర్చుంది. "ఇంత ఉడికించినా ఈ గోధుమ చుక్కలు చావవేం?" అని పైకే అనేసింది.

అప్పుడు వెనకనుంచి — మూలుగు.

తల తిప్పలేదు. తిప్పితే ఏం కనబడుతుందో... ఎవరో కాళ్లీడ్చుకుంటూ వస్తున్నారు. దగ్గరికి... ఇంకా దగ్గరికి... మెడ మీద వెచ్చటి ఊపిరి.

"నెత్తురు..." అంది ఒక గొంతు.

ఆమె బల్ల అంచు పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది.

"అది నెత్తురమ్మా. ఎర్రకణాలు. ఎంత ఉడికించినా వాటికి ఆ రంగు పడుతుంది. చుక్కలు ఎక్కడున్నాయో చూశావా అసలు?"

లైటు వెలిగింది. ల్యాబంతా బాబాయ్ అని పిలిచే ముసలి టెక్నీషియన్, భుజాన దుప్పటి. ఫ్రీజర్లని కనిపెట్టుకుని ఉండే రాత్రి డ్యూటీ ఆయనది. ఈ గదిలోనే, మూలనున్న తెర వెనక బెంచీ మీద నడుం వాలుస్తాడు. ఆ నడుమే ఆయన్ని మూలిగిస్తుంది.

ఆమె మళ్లీ కన్ను ఆనించింది. నిజమే — చుక్కలన్నీ సన్నటి రక్తనాళాల్లోనే, ఒకదాని వెనక ఒకటి. చుట్టూ కణాలు ఖాళీగా, తెల్లగా. ఆమె ఎంజైము హాయిగా చచ్చే ఉంది.

"ఇంకాస్త ఉంటే నేనూ పోయేదాన్ని, బాబాయ్," అంది గుండె పట్టుకుని.

"పోయావో లేదో తేల్చడానికేముందమ్మా," ఆయన దుప్పటి సర్దుకుని తెర వెనక్కి నడిచాడు. "కాస్త రంగు వేసి చూసేవాళ్లం."