ఆకుపచ్చ గుడ్డ మీది నూడుల్స్

రోజూ ఉదయం కొట్టు తలుపులు తీసేలోపు ఆ ఇంట్లో ఒక పని జరిగి తీరాలి. అమ్మాయి గిన్నెలో నీళ్లు మరిగిస్తుంది, తల్లి ఫోను పట్టుకుంటుంది, నాన్నమ్మ చెంచా పట్టుకుంటుంది. శాకాహారులు ఏ నూడుల్స్ తినొచ్చో, ఏది కొంటే డబ్బు దండగో చెప్పే వీడియోలు ఆ అమ్మాయివి. మసాలా పొడిని ముందు వేలికొసతో తను రుచి చూస్తుంది. తీర్పు మాత్రం నాన్నమ్మది. గిన్నె అడుగు కనిపించేదాకా ఆవిడ చెంచా కింద పెట్టకపోతే సరుకు గెలిచినట్టు. మధ్యలో పెట్టేస్తే ఓడినట్టు. ఇంతకంటే నిక్కచ్చి తూకం ఏ కొట్టులోనూ ఉండదు.

ఇంటి ముందుగదిలోనే తండ్రి పచారీ కొట్టు. "నాలుకతో చేసే వ్యాపారం నిలబడుతుందటే?" అని కూతుర్ని ఎగతాళి చేస్తాడు. ఆమె బాగుందన్న రకం మధ్యాహ్నానికల్లా ఖాళీ అయిపోతుంటే మాత్రం కిమ్మనడు. లాభాన్ని కాదనే అలవాటు ఆయనకు లేదు.

ఆ కొట్టుకు ఒక పద్ధతి ఉంది. తలుపు పక్క అర మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి ఉంటుంది. గుడ్డు, చేప, మాంసం ఏ రూపంలోనూ కలవని సరుకే దాని మీదికెక్కుతుంది. శాకాహారులు అక్కడ ప్యాకెట్ తిరగేసి చూడరు, కళ్లు మూసుకుని తీసుకుపోతారు. కొట్టు మొత్తంలో విలువైన వస్తువు ఆ గుడ్డే. అది అమ్మకానికి లేదు.

ఆ ఉదయం కత్తెర కనిపించలేదు. దిండు గలీబు కుట్టి, దారం తెంపి నాన్నమ్మే ఎక్కడో పెట్టి మరిచిపోయింది. "పళ్లతో చింపవే, పళ్లున్నదానివి!" అని సలహా కూడా ఇచ్చింది. పోయిన వారం గెలిచిన రకాన్నే ఉల్లికాడలతో ఎలా వండొచ్చో చూపిద్దామని అమ్మాయి ఆలోచన. నాన్నమ్మకైతే ఆ వీడియో అయినప్పటినుంచి రోజూ సాయంత్రం అదే కావాలి.

అమ్మాయి ప్యాకెట్ వెనక అతుకును గోటితో మెల్లగా విప్పింది. ముందువైపంతా క్యారెట్లు, బఠాణీల బొమ్మలు. వెనక అతుకు మడత కింద మాంసాహారపు గుర్తు, దాని పక్కన సన్నటి అక్షరాలు. 'ఎండుచేపల పొడి.'

"మొహం అలా పెట్టావేమే?" అంది తల్లి.

"ఫోను ఆపమ్మా" అంటూ అమ్మాయి ప్యాకెట్‌తో కొట్టులోకి నడిచింది.

తండ్రి అప్పుడే తలుపు సగం తీస్తున్నాడు. కళ్లజోడు పెట్టుకుని చదివాడు. అద్దాలు తుడిచి మళ్లీ చదివాడు. అక్షరాలు మారలేదు.

"ఇది గుడ్డ మీదికి ఎలా ఎక్కింది నాన్నా?"

"పెట్టె రాగానే, రేపు దీని మీదే వీడియో అన్నావుగా. నువ్వు చదివే ఉంటావని ఎక్కించాను."

"నేను చదవలేదు. గుడ్డ మీదుంది కదా, నువ్వు చదివే ఉంటావని తిన్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయనకు ఆమె హామీ, ఆమెకు ఆయన హామీ. సరుకు చూసిన మనిషి మాత్రం లేడు.

తండ్రి గొంతు తగ్గించాడు. "సరే, వీటిని పక్క అరలోకి మార్చేస్తా. నువ్వా వీడియో తీసెయ్. గొడవ వదిలిపోతుంది."

"తిన్నవాళ్ల సంగతి?"

"వాళ్లకి తెలీదుగా."

"మనకి తెలిసిందిగా!"

"చూడమ్మా, ఇన్నేళ్లలో ఆ గుడ్డ మీద ఒక్క మచ్చ పడలేదు. నువ్విప్పుడు ఊరంతా టముకేస్తే ఆ నమ్మకం కాస్తా పోతుంది. ఇక నాకు మిగిలేది గుడ్డ కింది చెక్కబల్లే. నీకేం, వీడియో కాకపోతే ఇంకోటి. నాకిది బతుకు!"

"నాదేమన్నా ఆటా? మొన్న వీధిలో ఒకావిడ చెయ్యి పట్టుకుంది. 'నువ్వు తింటేనే మా పిల్లలకి పెడతానమ్మా' అంది. ఆవిడకేం చెప్పను?"

"ముందు ఇంట్లో ఆవిడకేం చెబుతావో చూడు! జన్మలో చేప ముట్టని మనిషి, రోజూ గిన్నె నాకేస్తోంది. చెప్పి ఏడిపిస్తావా?"

"ఏం ముట్టని మనిషినిరా?"

గుమ్మంలో నాన్నమ్మ. చేతిలో దొరికిన కత్తెర.

ఆయన ప్యాకెట్‌ను వీపు వెనక దాచాడు, చిన్నప్పుడు పగలగొట్టిన గాజు గ్లాసును దాచినట్టే. అమ్మాయి దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, దాచకుండా అంతా చెప్పింది. చివరికొచ్చేసరికి ఏడ్చేసింది.

నాన్నమ్మ బియ్యం బస్తా మీద కూలబడింది. అరచేత్తో పెదాలు తుడుచుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కు ఎగబీల్చి, "అందుకేనన్నమాట అంత రుచిగా ఏడ్చింది!" అంది.

అమ్మాయికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"నవ్వకే. నాకు కష్టంగానే ఉంది" అని ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, తెలియక పెట్టారు, తెలియక తిన్నాను. అది ఎలాగో మింగుతాను. తెలిశాక ఏం చేద్దామనుకున్నావ్?"

"మళ్లీ పెడతానా అమ్మా! అయిపోయాయనో ఏదో వంక చెప్పేవాణ్ణి."

"ఆ వంక సంగతి ఎప్పుడో బయటపడితే? ఇక నువ్వు మంచినీళ్లిచ్చినా ఇందులో ఏం కలిపాడో అనుకుంటూ తాగాలి. ముద్దముద్దకీ అనుమానపడుతూ నన్నీ ఇంట్లో బతకమంటావా?"

మచ్చ కనిపిస్తే ఎందరు కొట్టుకు రావడం మానేస్తారో ఆయన లెక్క వేశాడు. ఆ మచ్చను కప్పుకుని రోజూ తల్లి ముందు కూర్చోవాలన్నది ఆ లెక్కలో చేర్చలేదు. పక్కకు తిరిగి కళ్లు ఒత్తుకున్నాడు. తర్వాత లోపలికి కేకేశాడు. "ఏమోయ్, ఆ ఫోను ఇలా పట్రా!"

ఆ రోజు వీడియోలో మొదటిసారి ఆయన కనిపించాడు. నుదుటి మీద చెమటలు. "ఇందులో చేప ఉంది. నేను చదవలేదు, మా అమ్మాయీ చదవలేదు. శాకాహారమని చెప్పడం మా తప్పు. తిన్నవాళ్లు క్షమించండి. ఇంకా తిననివాళ్లు ప్యాకెట్ తెచ్చిచ్చి వేరేది తీసుకెళ్లండి."

కొందరు తిట్టారు. ఒకాయన మళ్లీ కొట్టు మెట్టెక్కలేదు. ఎక్కువమంది ప్యాకెట్ తిరిగిస్తూ, "పాపం, మీ అమ్మగారు ఎలా ఉన్నారు?" అని అడిగారు. తండ్రి దీన్ని లాభంలో వేసుకున్నాడు.

కొద్దిరోజులకు కొత్త రకం వచ్చింది. కత్తెర ఇప్పుడు తాడుతో మేకుకు వేలాడుతోంది. అయినా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. తండ్రే అతుకు విప్పి, వండే ముందు మొత్తం చదివాడు. నాన్నమ్మ చెంచా ఎత్తగానే "ఆగమ్మా!" అని మళ్లీ మొదలుపెట్టాడు.

"గోధుమ పిండి... నూనె... ఉప్పు... ఉల్లి పొడి..."

"చల్లారిపోతోంది, త్వరగా చదవరా!"

"ఉండమ్మా, మడత కింద ఇంకా ఉంది."

ఫోను పట్టుకున్న ఇల్లాలు నవ్వు ఆపుకుంటూ, "బాగా వస్తోందండీ. ఇకనుంచి మీరూ రోజూ ఉండాలి" అంది.

"ఉంటానులే. నాది నాలుక వ్యాపారం కాదు, కళ్లజోడు వ్యాపారం."

అమ్మాయి తండ్రి భుజానికి తల ఆనించింది. ఆయన ఆఖరి అక్షరం దాకా చదివి, ఆ రకం ప్యాకెట్లను ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టడానికి లేచాడు. "కూర్చోరా. ఇంకా నేను చెప్పలేదు" అంది నాన్నమ్మ.

ఆయన కూర్చున్నాడు. గిన్నె అడుగు కనిపించేదాకా ముగ్గురూ ఆ చెంచానే చూస్తూ ఉండిపోయారు.