జత తప్పిన డ్రాగన్ పుస్తకాలు

"ఒక్క తారాజువ్వ వచ్చి ఆ బాల్కనీలో పడితే చాలండీ. మన ఫ్లాటుతో పాటు సొసైటీ అంతా బూడిదైపోతుంది. రేపు పేపర్లో మన ఇంటిపేరు వేస్తారు."

మా ఆయన త్యాగరాజుగారు చేతిలోని పేపరు దించలేదు. "ఇంటిపేరు వేయరు. ఫ్లాటు నంబరు వేస్తారు," అన్నారు.

అప్పటికింకా ఏమీ జరగలేదు. దీపావళి కూడా రాలేదు. కాని ఢిల్లీ ద్వారకలో మూడో అంతస్తులో, బాల్కనీ నిండా కాగితాల పెట్టెలు పేర్చుకుని కూర్చున్నవాళ్ళకి నిద్ర ఎలా పడుతుంది?

ఆ పెట్టెల్లో ఉన్నవి మా అబ్బాయి గోపీకృష్ణ పుస్తకాలు. చదువుకునేవి కావు, ఆడుకునేవి. బోర్డు ఉండదు, పావులు ఉండవు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ చెబుతూ ఉంటారు. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులైపోయి "నేను గోడ దూకుతాను", "నేను కత్తి దూస్తాను" అంటారు. దూకారో, కాలు విరగ్గొట్టుకున్నారో పాచికలు తేలుస్తాయి. సెట్టుకి రెండు పుస్తకాలు. మొదటిది ఆడేవాళ్ళకి, రెండోది కథ చెప్పేవాడికి. రెండింటి అట్టల మీదా ఒకటే రెక్కల మొసలి. దాన్ని డ్రాగన్ అనాలట.

వీటిని అమ్మడానికి వాడు నోయిడాలో బంగారంలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, అక్కడే ఒక మాల్‌ పై అంతస్తులో చిన్న కౌంటరు తీసుకున్నాడు. "పండగ సీజన్‌లో చూడమ్మా, చేతులకి ఖాళీ ఉండదు," అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళ నాన్న వాడితో మాట్లాడటం మానేశారు. కొడుకు ఎదురుగానే ఉంటాడు. ఆయన నా వైపు చూసి, "వాడితో చెప్పు, గీజరు ఆపమని," అంటారు. నేను చెబుతాను. వాడు ఆపుతాడు. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు కదా, ఇంట్లో కూడా ఫైలు నా బల్ల మీదుగానే కదలాలి.

ఇలాగే సాగితే ఇంట్లో ఎవరో ఒకరికి గుండెపోటు వస్తుందని నా భయం. మాటలు మోసేదాన్ని నేను కాబట్టి నాకే వస్తుంది.

ఒక మధ్యాహ్నం రెండు బస్సులు మారి, వాడికి టిఫిన్ డబ్బా తీసుకెళ్ళాను. ఎవరో పెద్దమనిషి పుస్తకం అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"భయ్యా, ఇందులో గేమ్ ఎక్కడుంది?" అని హిందీలో అడిగాడు.

"ఇదే గేమ్ సర్. మిగతాది మీ ఇమాజినేషన్."

"అంటే నా బుర్ర."

"హా జీ."

"నా బుర్ర నా దగ్గరే ఉంది కదా. దానికి మీకు డబ్బులెందుకివ్వాలి?" అని ఎదురు దుకాణంలో డ్రైఫ్రూట్స్ పెట్టె కొనుక్కుని వెళ్ళిపోయాడు.

ఆయన మాటే నాకు సబబుగా తోచింది. కొడుకు ముఖం చూసి పైకి అనలేదు.

"ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరమ్మా," అన్నాడు గోపి, డబ్బాలో పులిహోర కెలుకుతూ.

ఎందుకు తీసుకోరు? దీపావళికి ఎవరింటికైనా ఏదో ఒకటి ఇవ్వాల్సిందే కదా. అట్లా ఇచ్చేస్తే కౌంటరు మాటేమో గాని, బాల్కనీ అయినా ఖాళీ అవుతుంది. మర్నాడు వాడు నోయిడా వెళ్ళగానే పెట్టెలన్నీ దింపాను. సెట్ల మీద ప్లాస్టిక్ కవరు చించాను. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నాయి. ఇంటికి రెండేసి ఎందుకు, దండగ కాదూ? ఒక్కోటి తీసి, మెరుపు కాగితం చుట్టి, సోన్‌పాపిడి డబ్బాతో జతచేసి సొసైటీ అంతా పంచి వచ్చాను. మిగిలినవాటిని మళ్ళీ పెట్టెల్లో సర్దేశాను.

దీపావళి వెళ్ళిపోయింది. ఇల్లు తగలబడలేదు. నా జాగ్రత్త వల్లే అనుకున్నాను.

ఆ తరవాతి ఆదివారం బెల్లు మోగింది. తలుపు తీస్తే జీన్స్ వేసుకున్న ఒక పొడుగు పిల్ల. చేతిలో రెక్కల మొసలి.

"నమస్తే ఆంటీ. నేను భానుశ్రీ. వెనక బ్లాకుల ఉండే లక్ష్మీకుమారి మా పిన్ని. జియా సరాయ్‌ల రూము తీస్కొని ఇంజనీరింగ్ సర్వీసెస్‌కి చదువుకుంటున్న. ఈ సగం పుస్తకం పంచింది మీరేనా?"

"సగమేంటమ్మా? నిండు పుస్తకమే ఇచ్చానే."

గోపి నోట్లో బ్రష్షుతో బయటికి వచ్చాడు. పుస్తకం చూశాడు, పిల్లను చూశాడు, మళ్ళీ పుస్తకాన్ని చూశాడు.

"ఇది మీ దగ్గరకెలా వచ్చింది?"

"దీపావళికి పిన్ని ఇచ్చింది."

"మీరు కవర్ విప్పారా?"

"కానుక ఇస్తే విప్పరా మరి?"

"ఢిల్లీలో విప్పరండి. పేరు చీటీ మార్చి ఇంకొకళ్ళకిస్తారు."

అది నిజమే. మా సొసైటీలో ఒక సోన్‌పాపిడి డబ్బా ఉంది. పునాదులు తీసినప్పటి నుంచి తిరుగుతోందని అంటారు. దాన్ని తిన్నవాళ్ళు లేరు, ఉన్నా చెప్పుకోరు.

"నేను వరంగల్ పిల్లను. మాకు ఏమన్న ఇస్తే విప్పుతం," అంది భానుశ్రీ. "విప్పినంక మొత్తం చదివిన. పేజీకోసారి 'మొదటి పుస్తకం చూడండి' అని ఉన్నది. తలుపు వెనక డ్రాగన్ ఉన్నదని చెప్పి మొదటి పుస్తకం ఇయ్యకపోతే, నాకు చదువెట్ల ఎక్కుతది?"

గోపికి అనుమానం వచ్చింది. బాల్కనీలోకి పరుగెత్తి పెట్టెలు విప్పాడు. అన్నీ ఒంటి పుస్తకాలే.

"అమ్మా, యే క్యా కియా? ఏం చేశావిది?" అని అక్కడే చతికిలబడ్డాడు. "క్రిస్మస్‌కి ఏం అమ్మాలి? సగం సగం ఎవడు కొంటాడు?"

"జత ఉన్నప్పుడు మాత్రం ఎవడు కొన్నాడురా," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

భానుశ్రీ నవ్వింది. ఎదుటివాడి కష్టానికి అంత హాయిగా నవ్వే పిల్లను నేను చూడలేదు. "ఊకోండ్రి సార్. ఎవరెవరికిచ్చిందో ఆంటీకి యాదుంటది. అందరిండ్లకు పోయి తెచ్చుకుందాం. బదులుగా మీరు నాకు ఆట నేర్పాలె."

గోపి బ్రష్షు నోట్లోనే పెట్టుకుని తలూపాడు. పేస్టు చొక్కా మీద కారుతోంది, వాడికి తెలియడం లేదు. అప్పుడే నాకు గుండె దడ మొదలైంది.

ఆ పిల్లకు పరీక్షలున్నాయి కాబట్టి వెతుకులాట ఆదివారాలే సాగింది. ఇద్దరినీ అలా పంపితే సెక్యూరిటీ గార్డు ఏమనుకుంటాడో, వాడు ఎవరితో ఏమంటాడోనని నేనూ వెంట వెళ్ళాను. అసలు ఎవరికిచ్చానో నాకే కదా తెలుసు.

పై అంతస్తు మల్హోత్రా ఆంటీకి ఇచ్చింది ఆవిడ బ్యూటీపార్లర్ అమ్మాయికి చేరింది. ఆ అమ్మాయి ఇంటి ఓనరుకిచ్చింది. ఓనరు పళ్ళ డాక్టరుకిచ్చాడు. డాక్టరుగారి దగ్గర పన్ను నొప్పితో ఉన్నవాళ్ళంతా మొసలి నోరు చూస్తూ కూర్చున్నారు. ఆ వరసలో మెరుపు కాగితం విప్పింది ఆయనొక్కడే.

"మీ అమ్మ పుస్తకాలు పంచలే, జాతర చేసింది," అంది భానుశ్రీ.

"అమ్మ ఇంకా నయం. మీరు వెతికేది పుస్తకాలా, మిఠాయిలా? ప్రతి ఇంట్లో తింటున్నారు."

"పెడితే తినకపోతే బాగుంటదా? మీరు కూడ తినండ్రి. షాపు ఎట్లాగు నడుస్తలేదు, ఒళ్ళన్న పెరుగుతది."

ఇంకొకరు అయితే వాడు అలిగి కూర్చునేవాడు. ఆ పిల్ల అంటే మాత్రం చెవులు ఎర్రబడేలా నవ్వుతాడు.

డిసెంబరులో ఒక ఆదివారం మంచులోనే వాన మొదలైంది. మా దగ్గర గొడుగు ఒకటే ఉంది. గోపి దొరికిన పుస్తకాలను జాకెట్‌లో దాచుకుని, తాను తడుస్తూ నడిచాడు.

"పుస్తకాలకు జాకెట్ ఇచ్చిండ్రు. మనుషుల సంగతేంది?" అంది భానుశ్రీ.

"మనుషులకి రెండో ఎడిషన్ రాదు కదా. గొడుగు మీరు తీసుకోండి."

"అయితే మీరు కూడ రండ్రి లోపలికి."

వాడు వచ్చాడు. న్యుమోనియా వస్తే ఆసుపత్రుల చుట్టూ ఎవరు తిరుగుతారని నేను మధ్యలో దూరాను. ఇద్దరూ నా తల మీదుగా ఒకరినొకరు చూసుకుంటూ నడిచారు. నేను పొట్టిగా పుట్టడం వాళ్ళకు అలా కలిసొచ్చింది.

క్రిస్మస్ నాటికి చాలా పుస్తకాలు మళ్ళీ జతకలిశాయి. గోపి కౌంటరుకి రంగు దీపాలు కట్టాడు. మాల్‌లో శాంతాక్లాజ్ వేషం వేసినతను కాళ్ళు నొప్పి పుట్టినప్పుడల్లా వచ్చి ఆ కౌంటరుకే ఆనుకునేవాడు. అక్కడైతే ఎవరూ అడ్డం లెమ్మనరు కదా. పాచికలు మాత్రం బాగా అమ్ముడుపోయాయి. రంగులు బాగున్నాయని ఒకావిడ కర్టెన్లకి వేలాడదీయడానికి కొనుక్కెళ్ళింది. పుస్తకాలు ఉన్నచోటే ఉన్నాయి.

నెలాఖరుకి ఖాళీ చేయమని మాల్ వాళ్ళు కబురు చేశారు.

సర్దే రోజు భానుశ్రీ సాయానికి వచ్చింది. నేను టిఫిన్ డబ్బా మూత బిగుసుకుపోతే తీస్తూ కూర్చున్నాను. వినాలని కాదు. మూత నిజంగానే బిగుసుకుంది.

"షాపు అయిపోయింది భానూ," అన్నాడు గోపి. ఎప్పుడు 'మీరు' పోయిందో నాకు తెలియదు. "పాత ఆఫీసువాళ్ళు రమ్మంటున్నారు. వెళ్తాను. ఇవి ఆదివారాలు ఇంట్లో ఆడుకుంటాను. ఫ్లాప్ అయిన మనిషిని అడగకూడదు గాని, ఒకటి అడగనా?"

"ఫ్లాప్ అయింది పుస్తకాలు. నువ్వు కాదు. అడుగు."

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

మూత ఊడి పప్పు నా ఒళ్ళో పడింది. ఇద్దరూ ఇటు చూడలేదు.

"చేసుకుంట," అంది ఆ పిల్ల, అడగడం కోసమే ఎదురుచూస్తున్నట్టు. వెంటనే తల దించుకుంది. "కాని మీ నాన్న ముందు నీతోని మాట్లాడాలె, మీ అమ్మతోని చెప్పిచ్చుడు కాదు. మా నాయిన, మా పెదనాయిన ఒకే గోడకు అటొకరు ఇటొకరు ఉంటరు. ఏండ్ల సంది మాటల్లేవు. చిన్నప్పటి సంది నేనే పోస్ట్‌మ్యాన్. మీ నాయినతో చెప్పు అని ఆయన, మీ పెదనాయినతో చెప్పు అని ఈయన. ఆ డ్యూటీ మళ్ళ ఇంకో ఇంట్ల చెయ్య గోపీ. చెయ్యలేను. ఆయన నిన్ను పేరు పెట్టి పిలిచిన రోజు నేను మా ఇంటికి ఫోన్ చేస్త."

"నాన్న పిలవరు."

"అయితే నేను ఫోన్ చెయ్య."

బస్సులో ఇంటికి వచ్చేదాకా గోపి కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు మా ఆయనకు లంచ్ బాక్సు కడుతూ ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్ల మంచిదన్నాను. షరతు ఇదీ అన్నాను. ఆయన బాక్సు అందుకుని, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగి ఆఫీసుకు వెళ్ళిపోయారు. ఇక ఈ సంబంధం పోయినట్టే అనుకున్నాను. పిల్లవాడు ఏ మఠంలోనో కలుస్తాడు, నేను మంచం పడతాను.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం మా డైనింగ్ టేబులు మీద ఆట పెట్టారు. భానుశ్రీకి నేర్పుతానన్న మాట బాకీ ఉంది కదా. కాని ఆమె ముఖంలో నవ్వు లేదు. ఆట అయిపోతే సంచీ తీసుకుని జియా సరాయ్ వెళ్ళిపోతుందని, మళ్ళీ రాదని నాకు అర్థమైంది. గోపికీ అర్థమైంది. వాడు పాచికలు అరచేతిలో తిప్పుతూనే ఉన్నాడు.

కథ చెప్పేవాడు గోపి. ఆడేవాళ్ళం భానుశ్రీ, వాళ్ళ పిన్ని లక్ష్మీకుమారి, నేను. నన్ను మంత్రగత్తెను చేశారు. నాలుగో కుర్చీ ఖాళీగా ఉంది. మా ఆయన సోఫాలో పేపరు చాటున ఉన్నారు.

"కొండ లోపల ఇనుప తలుపు ముందున్నారు," అన్నాడు గోపి. "లోపలి నుంచి వేడి గాలి వస్తోంది. ఏదో ఊపిరి తీస్తోంది. ఏం చేస్తారు?"

"ఇంటికి వెళ్ళిపోతాం," అన్నాను.

"ఆంటీ, ఇప్పుడే వచ్చినం," అంది భానుశ్రీ. "నేను తలుపు తంత."

"ముందు బెల్లు కొట్టాలి కదే," అంది లక్ష్మీకుమారి.

"డ్రాగన్ ఇంటికి బెల్లు ఉంటదా పిన్నీ?"

సోఫాలో పేపరు కదిలింది. "వాడితో చెప్పు," అని గొంతు వినిపించింది నా వైపుగా.

అలవాటు కొద్దీ నా తల వెనక్కి తిరిగింది. అప్పుడు భానుశ్రీ కనిపించింది. పాచిక మీద చెయ్యి అలాగే ఉంది, కళ్ళు బల్ల మీద ఉన్నాయి. పోస్ట్‌మ్యాన్ ఎలా ఉంటాడో నాకు తెలుసు. అద్దంలో రోజూ చూస్తున్నాను.

"మీరే చెప్పండి," అన్నాను. "నేనిప్పుడు మంత్రగత్తెను. ఖాళీగా లేను."

నా జీవితంలో ఆయనకు ఎదురు చెప్పింది అదే మొదలు. ఆయన లేచి చెప్పులు వేసుకుని బయటికి పోతారనుకున్నాను.

గోపి కుర్చీలోంచి కొద్దిగా తిరిగాడు.

"నాన్నా. నాలుగో కుర్చీ ఖాళీగా ఉంది. మీ వంతు. ఏం చేస్తారు?"

కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేశారు. అది దూరంగా వెళ్ళి వినిపించకుండా పోయింది. వంటింట్లో కుక్కర్ ఒక కూత వేసింది. రెండో కూత కూడా వేసింది. స్టౌ ఆపడానికి నేను లేవలేదు. భానుశ్రీ మెల్లగా సంచీ పట్టీ భుజానికి తగిలించుకుంది.

పేపరు మడత పెడుతున్న చప్పుడైంది. త్యాగరాజుగారు వచ్చి, ఖాళీ కుర్చీ లాక్కుని, కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఒరే గోపీ, ఆడపిల్లను ముందు నిలబెట్టి తలుపు తన్నిస్తావేంట్రా? ఆ పాచికలు ఇలా ఇయ్యి. తలుపు నేను తీస్తాను. మీరంతా నా వెనకాల రండి."