మెగావాటుకి ఎన్ని కిలోవాట్లు?

ఆస్పత్రి జనరేటర్ని పొద్దున్నే ఎవరో హత్య చేశారు. డీజిల్ ట్యాంకు నిండా ఇసుక.

"మూడింటికి మన రాకెట్ సైంటిస్టుకి గుండె ఆపరేషన్," అన్నాడు చీఫ్. "అప్పుడే ఆ విదేశీ ముఠా కరెంటు తీసేస్తుంది. సబ్‌స్టేషన్‌లో, వాళ్ళలోనే, మన మనిషి ఉన్నారు. ఎవరో నీకు తెలియకపోవడమే మేలు."

"పక్క థియేటర్లో మా అక్కకీ మూడింటికే సార్," అన్నాడు ఏజెంట్ పద్దెనిమిది.

"తెలుసు. బయల్దేరు."

మీటర్ మెకానిక్ వేషం పది నిమిషాలు కూడా నిలవలేదు. రెండూ నలభైకల్లా అతను సబ్‌స్టేషన్ కంట్రోల్ రూములో కుర్చీకి కట్టేసి ఉన్నాడు. బూటు మడమలోంచి ఊడదీసిన ట్రాన్స్‌మిటర్ ఎదురుగా బల్ల మీద ఉంది, చేతికందదు. కట్టింది ముఠాలోని అందగత్తె, సిల్కు. ముడి మాత్రం వేలు దూరేంత వదులుగా వేసింది. అంతవరకు నయం.

ముఠా బాస్‌ది ఒకటే రూలు: ప్రశ్న అడిగినవాడు అనుమానితుడు. అందుకని తనూ తన వాళ్ళని ఏమీ అడగడు.

"ఆస్పత్రి లోడు రెండు మెగావాట్లు దాటగానే లైను తెగాలి. ఓవర్‌లోడ్ అనుకుంటారు," అన్నాడు.

సిల్కు చేతిలోని, లైను తెంచే పెట్టె మీద అంకెలు నొక్కింది. "దీనికి కిలోవాట్లే తెలుసు బాస్. మెగావాటుకి పదివేలు కదా, ఇరవైవేలు పెట్టాను."

పద్దెనిమిదికి తప్పు తెలిసిపోయింది. మెగావాటుకి వెయ్యి. ఫిజిక్స్ టీచరైన అక్క చెవి మెలేసి నేర్పిన లెక్క. సిల్కు అతని వైపు చూడలేదు.

బాస్ నుదురు చిట్లించాడు. తన వాళ్ళని అడగలేడు. బందీ వైపు తిరిగాడు. "ఏమోయ్ మెకానిక్కూ, ఎన్ని?"

పదివేలంటే? శత్రువు మాట నమ్మడు. నిజం చెబితే? నమ్మాడో, అక్క లేదు.

"వెయ్యి," అన్నాడు.

బాస్ పకపకా నవ్వాడు. "అయితే పదివేలే. ఉండనీ."

మూడయింది. లోడు మీటరు ముల్లు కదిలింది. ఒకటీ పాయింట్ తొమ్మిది. రెండు. అతను కళ్ళు మూసుకున్నాడు. చెయ్యగలిగింది అదొక్కటే.

రెండూ పాయింట్ ఒకటి. పెట్టె ఉలకలేదు, పలకలేదు.

బాస్ అందరి మొహాలూ చూశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆఖరికి తనే అడగబోయేసరికి తలుపు విరిగి కమాండోలు లోపలికి దూకారు. బల్ల మీది ట్రాన్స్‌మిటర్‌ని సిల్కు ఎప్పుడో ఆన్ చేసి ఉంచింది.

సాయంత్రం అక్క కళ్ళు తెరిచింది. తమ్ముడు జరిగింది మెల్లగా చెప్పాడు. "వెయ్యే అన్నానక్కా. ఒక్కడూ నమ్మలేదు."

అక్క నీరసంగా నవ్వింది. "నీ ఫిజిక్స్ మార్కులు వాళ్ళకెవరు చెప్పార్రా?"